నడుము లాగే మెషిన్‌కి 45 వేలు పెట్టొచ్చా?

హైదరాబాద్‌లో ఉంటే మీరూ చూసే ఉంటారు. మెట్రో పిల్లర్ మీద, ఆటో వెనకాల, అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో... ‘ఆపరేషన్ లేదు, మందులు లేవు, 20 సిట్టింగుల్లో డిస్క్ సమస్య మాయం’ అనే బోర్డులు. బయట చూడకపోయినా పర్లేదు. ఫోన్లో ఒక్కసారి ‘బ్యాక్ పెయిన్’ అని వెతకండి చాలు. ఆ తర్వాత రెండు వారాలు ఇన్‌స్టా మిమ్మల్ని వదిలితే ఒట్టు. నీలం లైట్లు మెరిసే పొడవాటి బెడ్, దానిమీద బెల్టులు కట్టించుకుని పడుకున్న పేషెంట్, పక్కన స్క్రీన్ మీద గ్రాఫ్, చివర్లో ఆ మనిషి లేచి నవ్వుతూ వంగి కాలివేళ్లు ముట్టుకోవడం. కింద ‘బుక్ నౌ’ బటన్.

దీని పేరు నాన్‌ సర్జికల్ స్పైనల్ డీకంప్రెషన్ థెరపీ. మా టీమ్‌లో 14 మందిమి ఉన్నాం. ముగ్గురు ఇప్పటికే దీనికి డబ్బులు కట్టారు. అందరూ ముప్ఫై లోపు వాళ్లే. నాలుగోదాన్ని నేనయ్యేదాన్నే.

నాకు 28. కిందటేడు ఓ రిలీజ్ టైంలో నడుం పట్టేసింది. నాలుగు రోజులకి నొప్పి కుడి పిరుదు నుంచి పిక్క దాకా కరెంటు తీగలా లాగడం మొదలుపెట్టింది. తుమ్మొస్తే భయం, కమోడ్ మీద కూర్చోవాలంటే భయం. ముందు ఓ ఆర్థో డాక్టర్ దగ్గరికెళ్లా. ఆయన నన్ను మడమల మీద నాలుగడుగులు నడిపించాడు, తర్వాత మునివేళ్ల మీద. కాలి బొటనవేలు పైకెత్తమని దాన్ని చేత్తో కిందికి నొక్కి చూశాడు. మోకాలి మీద సుత్తితో కొట్టాడు. మొత్తం మూడు నిమిషాలు. ‘‘బలం బాగానే ఉందమ్మా. నొప్పి మాత్రలు వారం వాడు, మంచం ఎక్కొద్దు, నడువు. ఆరు వారాల తర్వాత కనపడు’’ అన్నాడు. ఎమ్మారై కూడా అక్కర్లేదన్నాడు. నిజం చెప్పాలంటే, ఎనిమిది వందలు తీసుకుని నడవమని చెప్పడమేంటి అని ఒళ్లు మండింది.

అందుకే స్నేహితురాలు చెప్పిన క్లినిక్‌కి పోయా. అక్కడ మొదటి రోజే ఎమ్మారై రాశారు. రిపోర్టులో ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్, డీజనరేషన్ అని వచ్చింది. డీజనరేషన్ అంటే అరిగిపోవడం అట. 28 ఏళ్లకి! కౌన్సెలర్ ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ పట్టుకుని, దాన్ని అటూ ఇటూ వంచి, నాలుగేళ్లలో నా పరిస్థితి ఎలా ఉంటుందో చూపించింది. 20 సిట్టింగులు, 45 వేలు. ఇవాళ సాయంత్రంలోపు కడితే పది శాతం తగ్గింపు. వడ్డీ లేని ఈఎంఐ. మా కంపెనీ ఇన్సూరెన్స్‌లో రాదు. 1,500 కట్టి ఒక ట్రయల్ సిట్టింగ్ మాత్రం తీసుకున్నా.

హాయిగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఛాతీ కింద ఒక బెల్టు, నడుం దగ్గర ఇంకో బెల్టు. బెడ్ కింది సగం మెల్లగా వెనక్కి జరుగుతూ నడుముని లాగుతుంది, ఓ నిమిషం పట్టి ఉంచి వదులుతుంది, మళ్లీ లాగుతుంది. అరగంటలో రెండుసార్లు కునుకు పట్టింది. లేచాక సాయంత్రం దాకా కాలు తేలిగ్గా అనిపించింది.

అయినా సరే, కొత్త లైబ్రరీ ఏదైనా ప్రాజెక్టులోకి తెచ్చేముందు దాని బగ్స్ పేజీ మొత్తం చదవడం నాకున్న జబ్బు. 45 వేల ప్యాకేజీని చదవకుండా ఎలా వదులుతా? డబ్బు కట్టకుండా ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టా.

బూరెలో పూర్ణం

మన వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్‌ని పూర్ణం బూరె అనుకోండి. బయట గట్టి పీచు పొర, లోపల మెత్తటి జెల్లీ. ఒకవైపు ఎక్కువ నొక్కితే రెండోవైపు ఉబ్బుతుంది. అది బల్జ్. పొర చిరిగి లోపలి పూర్ణం బయటికొస్తే హెర్నియేషన్, మన భాషలో డిస్క్ జారడం. ఆ పక్కనుంచే కాలికెళ్లే నరం పోతుంది కాబట్టి, నొక్కుకుపోయినా, బయటికొచ్చిన జెల్లీ వల్ల వాచినా, నడుంలోని గొడవ కాలిలో తెలుస్తుంది. మెడలో అయితే చేతికి దిగుతుంది.

పెద్దవాళ్ల డిస్కులకి నేరుగా రక్త సరఫరా దాదాపు ఉండదు. చుట్టుపక్కల నుంచి నీరు, పోషకాలు ఇంకాల్సిందే. పగలంతా బరువు మోస్తూ నీరు కోల్పోతాయి, రాత్రి పడుకున్నాక మళ్లీ పీల్చుకుంటాయి. పొద్దున ఉన్న ఎత్తు కంటే సాయంత్రానికి మనం ఓ సెంటీమీటరు పైనే తగ్గేది ఇందుకే.

మెషిన్ వాళ్లు చెప్పేదీ ఇక్కడి నుంచే మొదలవుతుంది. పూసల్ని దూరం లాగితే డిస్క్ లోపల వాక్యూమ్ లాంటిది ఏర్పడి ఉబ్బిన భాగాన్ని వెనక్కి పీల్చుకుంటుందని, నీరు కూడా లోపలికి వస్తుందని. మామూలు ట్రాక్షన్‌కి కండరాలు బిగుసుకుని ఎదురు తిరుగుతాయని, తమ కంప్యూటర్ నెమ్మదిగా పెంచుతూ తగ్గిస్తూ లాగుతుంది కాబట్టి అవి మోసపోతాయని. వినడానికి భలే ఉంటుంది.

దీనికి ఆధారంగా ఎక్కువగా చూపించేది 1994లో అమెరికా న్యూరోసర్జరీ జర్నల్లో వచ్చిన ఒక పరిశోధన. వ్యాక్స్-డి అనే తొలి తరం డీకంప్రెషన్ బెడ్ మీద పడుకోబెట్టి, డిస్క్‌లోకి సన్నటి గొట్టం పంపి ఒత్తిడి కొలిచారు. నిజంగానే లాగినప్పుడు ఒత్తిడి సున్నా కంటే బాగా కిందికి పోయింది. అయితే అందులో ఉన్న పేషెంట్లు ఐదుగురు. ఐదుగురు యూజర్ల మీద చూసి ఫీచర్ రిలీజ్ చేస్తానంటే మా మేనేజర్ నవ్వుతాడు. పైగా వాళ్లు కొలిచింది బెడ్ మీద ఉన్నంతసేపటి ఒత్తిడిని. లేచి నిలబడి, బైకెక్కి, హైటెక్ సిటీ ఫ్లైఓవర్ మీద గంట ఇరుక్కున్నాక డిస్క్‌లో ఏముంటుందన్నది ఆ లెక్కలో లేదు.

అసలు లాగడం అనేదే కొత్త సంగతి కాదు. దాదాపు 2,400 ఏళ్ల కిందటి గ్రీకు వైద్యుడు హిప్పోక్రటిస్ పేరుమీద ఉన్న వైద్య గ్రంథాల్లోనే మనిషిని బల్లకి కట్టి చక్రాలు తిప్పి వెన్ను లాగే పద్ధతి ఉంది. మన ఆస్పత్రుల్లోనూ నడుముకి పట్టీ కట్టి, మంచం చివర బరువులు వేలాడదీయడం అమ్మానాన్నల తరానికి బాగా తెలుసు. ఇప్పుడు ఆ బరువుల స్థానంలో మోటారు, సాఫ్ట్‌వేర్ వచ్చాయి. అమెరికాలో ఎఫ్‌డీఏ ఈ బెడ్‌లకి అనుమతి ఇచ్చిన కేటగిరీ పేరు కూడా ‘పవర్డ్ ట్రాక్షన్’ పరికరాలు అనే. ‘ఎఫ్‌డీఏ క్లియర్డ్’ అని బోర్డు మీద రాస్తారు చూడండి, దానర్థం మార్కెట్లో ఇప్పటికే ఉన్న ట్రాక్షన్ పరికరాల లాంటిదే ఇదీ అని. డిస్క్‌ని బాగుచేస్తుందని నిరూపించినట్టు కాదు. వ్యాక్స్-డికి తగిన ఆధారాల్లేవని అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ 1990ల నుంచీ డబ్బులివ్వట్లేదు.

పోస్టర్ల మీద నాసా పేరు కూడా చూశా. దీనివెనక ఒక నిజం ఉంది, దాన్ని సగమే చెప్తారు. అంతరిక్షంలో బరువు ఉండదు కాబట్టి వ్యోమగాముల వెన్ను సాగి రెండు, మూడు అంగుళాల దాకా ఎత్తు పెరగొచ్చు. సరే. చెప్పని సగం ఏంటంటే, వాళ్లలో చాలామందికి అక్కడ నడుం నొప్పి వస్తుంది. తిరిగొచ్చాక డిస్క్ జారే ముప్పు మామూలు వాళ్లకంటే దాదాపు నాలుగు రెట్లని 2010లో ప్రచురించిన ఓ అధ్యయనంలో తేలింది. బరువు తీసేస్తే డిస్క్‌కి మేలన్న వాదనకి వ్యోమగామి అంత మంచి బ్రాండ్ అంబాసిడర్ కాదన్నమాట!

ఏ/బీ టెస్ట్ పెడితే

మన ఫీల్డులో ఉన్నవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. బటన్ రంగు మార్చాక క్లిక్కులు పెరిగాయంటే, రంగు వల్లే పెరిగాయా, పండగ సీజన్ వల్లా అని తేల్చడానికి సగంమందికి పాతదే చూపిస్తాం. వైద్యంలోనూ అంతే. రెండో గ్రూపుకి ఉత్తుత్తి చికిత్స ఇవ్వాలి, తమది ఏదో పేషెంట్‌కి తెలియకూడదు.

డీకంప్రెషన్ మీద అలాంటి టెస్ట్ జరిగింది. నెదర్లాండ్స్‌లో, ఫలితాలు 2009లో వచ్చాయి. మూడు నెలలకు పైగా నడుం నొప్పి ఉన్న 60 మందిని రెండుగా విడగొట్టారు. అందరికీ అదే మెషిన్, అవే బెల్టులు, ఆరు వారాల్లో అవే 20 సిట్టింగులు. ఒక గ్రూపుకి శరీర బరువులో సగానికి పైగా బలంతో లాగారు. రెండో గ్రూపుకి లాగీలాగనట్టు లాగారు. ఫలితం? మొదటి గ్రూపుకి నొప్పి బాగా తగ్గింది. రెండో గ్రూపుకీ బాగా తగ్గింది. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇది చదివాక కాసేపు అలా కూర్చుండిపోయా. రీల్‌లో నవ్వుతూ వంగిన మనిషి అబద్ధం చెప్పట్లేదు. అతనికి నిజంగానే తగ్గింది. తగ్గించింది ఆ లాగుడేనా అన్నదే సమస్య.

2013లో కాక్రేన్ సంస్థ అన్ని రకాల ట్రాక్షన్ల మీదా వచ్చిన 32 ట్రయల్స్‌ని, 2,762 మంది పేషెంట్ల వివరాల్ని కలిపి చూసింది. నడుం నొప్పికైనా, కాలిలోకి దిగే సయాటికాకైనా ట్రాక్షన్ వల్ల ఒరిగేది స్వల్పం లేదా ఏమీ లేదని తేల్చింది. 2016లో బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్ ఇంకా సూటిగా, నడుం నొప్పికి ట్రాక్షన్ ఇవ్వొద్దని రాసేసింది.

అటువైపు ఆధారాలు అసలే లేవా అంటే, ఉన్నాయి. 2022లో పాకిస్తాన్ నుంచి వచ్చిన ట్రయల్‌లో 60 మందిలో సగంమందికి మామూలు ఫిజియోథెరపీతోపాటు డీకంప్రెషన్ కూడా ఇస్తే వాళ్లకి కాస్త ఎక్కువ మేలు కనిపించింది. అయితే రెండోవాళ్లకి ఉత్తుత్తి మెషిన్ పెట్టలేదు. ‘నాకు పెద్ద మెషిన్ పెట్టారు’ అన్న నమ్మకం ఎంత పనిచేసిందో విడగొట్టలేం. మెడ సంగతి కొంచెం వేరు. చేతిలోకి నొప్పి దిగినవాళ్లలో వ్యాయామాలకి మెడ ట్రాక్షన్ జోడిస్తే మేలు ఎక్కువని 2014లో అమెరికాలో 86 మంది మీద జరిగిన ట్రయల్ చెప్పింది. అంతకు ఐదేళ్ల ముందు 81 మంది మీద జరిగిన ట్రయల్‌లో మాత్రం తేడా కనపడలేదు. అంటే ఇంకా తేలలేదు. పైగా వీటిలో వాడింది ఫిజియో దగ్గర ఉండే మామూలు ట్రాక్షన్, వేలకు వేలు పోసే ప్యాకేజీ కాదు.

మరి నొప్పి ఎలా తగ్గుతోంది?

ఇదే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం. జారిన డిస్క్‌ని చాలాసార్లు ఒళ్లే తినేస్తుంది. బయటికొచ్చిన జెల్లీని మన రక్షణ కణాలు పరాయి వస్తువు అనుకుని కరిగించేస్తాయి. విచిత్రం ఏంటంటే ఎంత పెద్దగా బయటికొస్తే అంత బాగా కరుగుతుంది. 2015 నాటి ఒక సమీక్షలో, పూర్తిగా తెగి విడిపోయిన ముక్కలు 96 శాతం కేసుల్లో వాటంతటవే తగ్గాయి. పొర చీల్చుకుని బాగా బయటికి పొడుచుకొచ్చినవి 70 శాతం. నా లాంటి ఉత్త బల్జ్ 13 శాతమే.

13 శాతమేనా అని నీరసపడబోయా. వెంటనే ఇంకో లెక్క కనపడింది. అదే ఏడాది వచ్చిన మరో సమీక్షలో, అసలు నడుం నొప్పే లేని 3,110 మంది స్కానింగులు పరిశీలించారు. 20 ఏళ్ల వయసు వాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ డీజనరేషన్, 30 శాతం మందికి బల్జ్ ఉన్నాయి. 80 ఏళ్లకి వచ్చేసరికి డీజనరేషన్ 96 శాతం మందిలో ఉంది. ఏ నొప్పీ లేకుండా తిరుగుతున్నవాళ్లే వీళ్లంతా! మా ఫ్లోర్‌లో అందరికీ ఎమ్మారై తీస్తే సగం ప్యాకేజీలు అక్కడే అమ్ముడుపోతాయి.

సయాటికా ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. ఈ మెషిన్ ప్యాకేజీ ఎంతకాలం? 20 సిట్టింగులు, ఆరు వారాలు. జలుబుకి మందేస్తే వారంలో, వేయకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు.

నాకు పదో వారానికి కాలి నొప్పి పోయింది. ఆర్థో డాక్టర్ చెప్పినట్టు నడిచా, ఫిజియో దగ్గర నాలుగు వ్యాయామాలు నేర్చుకున్నా. ఇది కూడా ఏ/బీ టెస్ట్ కాదని నాకు తెలుసు.

బాబాయి చెప్పు

ఇక్కడితో అయిపోయుంటే ఇది డబ్బుల కథే. 45 వేలు ఉద్యోగస్తులకి పోతే పోయాయి అనుకోవచ్చు. కానీ సంక్రాంతి తర్వాత పిడుగురాళ్ల నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. పాతికేళ్లుగా లారీ నడుపుతున్నాడు. మూడు నెలలుగా నడుం, ఎడమకాలు. రీల్ చూసి ఓ క్లినిక్‌కి వాట్సాప్‌లో ఎమ్మారై పంపాడు. మనిషిని చూడకుండానే వాళ్లు 25 సిట్టింగులు, 60 వేలు అన్నారు. పిన్ని గాజులు బ్యాంకులో పెట్టడానికి మాట్లాడుకున్నారు.

‘‘నువ్వు చదువుకున్నదానివి, ఈ మిషను మంచిదేనా అమ్మాయ్?’’

‘‘నొప్పి ఎలా ఉంది బాబాయ్?’’

‘‘నొప్పి తగ్గిందిలే. కాలికి చెప్పే నిలవట్లా. ఎక్కడ జారిపోయిందో కూడా తెలియట్లా. మొన్న క్లచ్ మీద నుంచి కాలు జారింది.’’

వీడియో కాల్ చేసి, గోడ పట్టుకుని మడమల మీద నిలబడమన్నా. కుడి పాదం లేచింది. ఎడమ పాదం ముందుభాగం నేలకి అతుక్కునే ఉంది. బాబాయి ఎంత బిగబట్టినా బొటనవేలు కదల్లేదు. పక్కన పిన్ని ‘ఎత్తవయ్యా’ అంటోంది, ఎత్తట్లేదనుకుని.

దాన్ని ఫుట్ డ్రాప్ అంటారు. పాదాన్ని పైకెత్తే నరం దెబ్బతింటోందన్నమాట. నొప్పి తగ్గడం ఇలాంటప్పుడు మంచి వార్త కాకపోవచ్చు. మర్నాడే గుంటూరులో న్యూరోసర్జన్‌కి చూపించాం. మెషిన్ ఊసెత్తితే ఆయన తల పట్టుకున్నాడు. ఆ వారంలోనే డిస్క్ ముక్క తీసేశారు. ఇది జరిగి ఏడు నెలలైంది. పాదం చాలావరకు లేస్తోంది, బొటనవేలు మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. ఇంకా ముందే వచ్చుంటే బాగుండేదని సర్జన్ అన్నాడు. బాబాయి లారీ దిగేసి ఒక సున్నం బట్టీ దగ్గర కాటా చూస్తున్నాడు.

ఆ 25 సిట్టింగులకి వెళ్లుంటే ఇంకో ఆరు వారాలు పోయేవి. ‘ఆపరేషన్ లేకుండా’ అన్న మాటకి మనం ఇంత తేలిగ్గా పడిపోవడానికి కారణం వెన్ను ఆపరేషన్ అంటే మంచానపడతామన్న భయం. ఆ భయానికి లెక్క చూస్తే, నెదర్లాండ్స్‌లోనే తీవ్రమైన సయాటికా ఉన్న 283 మంది మీద 2007లో ఒక ట్రయల్ వచ్చింది. తొందరగా ఆపరేషన్ చేసినవాళ్లకి నొప్పి త్వరగా పోయింది. ఆగి చూసినవాళ్లకి మెల్లగా పోయింది, వాళ్లలో 39 శాతం మంది ఆ ఏడాదిలో ఎటూ ఆపరేషన్ చేయించుకున్నారు. ఏడాది తిరిగేసరికి రెండువైపులా 95 శాతం మంది కోలుకున్నారు. బలం తగ్గనంతవరకు తొందర లేదు. తగ్గితే మాత్రం ఆగడానికి లేదు.

కాబట్టి ఇవి గుర్తుపెట్టుకోండి. కాలిలోనో చేతిలోనో బలం తగ్గుతున్నా, తొడల మధ్య, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా ఏ మెషిన్ దగ్గరికీ వెళ్లొద్దు. అదే రోజు పెద్దాస్పత్రికి పరిగెత్తాలి. జ్వరంతో నడుం నొప్పి, పడిన తర్వాత నొప్పి, క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకి కొత్తగా నొప్పి... ఇవీ ఆగేవి కావు. ఎముకలు గుల్లబారినవాళ్లు, గర్భిణులు, వెన్నులో రాడ్లు వేయించుకున్నవాళ్లు ఈ బెడ్ ఎక్కకూడదు. అరుదే గానీ, లాగుతుండగానే డిస్క్ ఇంకా బయటికొచ్చి అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చిన కేసు ఒకటి 2003లో మేయో క్లినిక్ జర్నల్లో నమోదైంది.

ఇవన్నీ చదివాక కూడా ‘నాకు ఆ బెడ్ మీద హాయిగా ఉంటుంది, డబ్బులున్నాయి’ అంటే మీ ఇష్టం. మసాజ్‌కి వెళ్లినట్టు వెళ్లండి. కానీ 20 సిట్టింగులకి ఒకేసారి కట్టొద్దు. ముందు మీ బలం పరీక్షించారా, ఐదు సిట్టింగులకి తేడా లేకపోతే మిగతా డబ్బు వెనక్కిస్తారా అని అడగండి. నేను వెళ్లినచోట రెండో ప్రశ్నకి కౌన్సెలర్ మేనేజర్‌ని పిలిచింది, మేనేజర్ టీ తాగుతారా అన్నాడు.

తగ్గిన నొప్పి మళ్లీ రాకుండా ఉండటానికి మాత్రం 2024లో లాన్సెట్‌లో వచ్చిన ఆస్ట్రేలియా ట్రయల్ నాకు నచ్చింది. నడుం నొప్పి తగ్గిన 701 మందిలో సగంమందికి ఫిజియోతో నడక ప్లాన్ వేయించారు. మెల్లగా పెంచుతూ వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడవాలన్నది లక్ష్యం. నొప్పి తిరగబెట్టడానికి మామూలు వాళ్లకి సగటున 112 రోజులు పడితే, నడిచినవాళ్లకి 208 రోజులు పట్టింది. మా టీమ్‌లో ఇప్పుడు మధ్యాహ్నం స్టాండప్ మీటింగ్ క్యాంపస్ చుట్టూ నడుస్తూ పెట్టుకుంటున్నాం. మేలో ఎండకి రెండు వారాలు మానేశాం, వానలు పడ్డాక మళ్లీ మొదలెట్టాం.